పాట అదే.. తీర్పులే వేరు! రాక్ బ్యాండ్ కొత్త ఆల్బమ్ ఒకరికి సూపర్, ఇంకొకరికి ‘లొల్లి’ ఎందుకవుతుంది?

రెంజల్ నుంచి బోధన్ వెళ్లే ఆర్టీసీ బస్సు. కిటికీ పక్క సీట్లో ఓ కుర్రాడు ఫోన్‌లో ఏదో బ్యాండ్ కొత్త పాట పెట్టాడు. పది సెకన్లు కాలేదు, పక్కనున్న దోస్త్ ప్రశ్న వచ్చేసింది.. ‘ఏ సిన్మాలది రా ఇది?’ సినిమాది కాదంటే రెండో మాట రెడీ.. ‘గందుకే సప్పగుంది’. వేలు పైకి జరిగింది. పాట పోయింది, ఇంకో రీల్ వచ్చింది.

నిజామాబాద్ జిల్లాలో ఏ బస్సెక్కినా ఇలాంటి సీన్ ఒకటి కనిపిస్తుంది. అయితే ఈ పది సెకన్ల తీర్పు వెనక చాలా కథ ఉంది. ఆ దోస్త్ విన్నది నిజంగా ఆ పాటేనా? పాటలో సగమేనా? ఒకే ఆల్బమ్‌ని ఒకరు నెత్తిన పెట్టుకుంటే, ఇంకొకరు చెవులు ఎందుకు మూసుకుంటారు? సినిమా అండ లేని తెలుగు బ్యాండ్‌కి ఆ పది సెకన్లు ఎంత ఖరీదు? ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడ్డ ప్రశ్నలే.

‘ఏ సినిమా?’ అనే ప్రశ్న ఎక్కడిది?

తెలుగులో పాట అంటే సినిమా పాటే. దశాబ్దాలుగా అంతే. క్యాసెట్ల రోజుల్లో షాపుకెళ్లి హీరో పేరు చెప్తే క్యాసెట్ ఇచ్చేవాళ్లు. పాట వినగానే చెవితో పాటు కళ్ల ముందు హీరో, హీరోయిన్, స్టెప్పు కూడా వచ్చేస్తాయి. అంటే సినిమా పాట ఎప్పుడూ ఒంటరిగా రాదు. ట్రైలర్, పోస్టర్, అభిమాన సంఘం అన్నీ వెంటేసుకుని వస్తుంది. శ్రోత సగం ఒప్పుకున్నాకే పాట మొదలవుతుంది.

బ్యాండ్ పాటకి ఆ వసతి లేదు. నలుగురైదుగురు కలిసి రాసుకుని, వాయించుకుని, రికార్డు చేసుకుని వదిలేస్తారు. ముఖం తెలియదు, కథ తెలియదు. మొదటి పది సెకన్లలో అది తన కాళ్ల మీద తనే నిలబడాలి. పడిపోతే లేపేవాళ్లు లేరు.

అయినా కొన్ని నిలబడ్డాయి. అందులో అందరికీ గుర్తుండే పేరు చౌరస్తా. హైదరాబాద్ బ్యాండ్. రామ్ మిరియాల, యశ్వంత్ నాగ్ గొంతులతో జనంలోకి వచ్చింది. 2018లో వచ్చిన ‘ఊరెళ్ళిపోతా మామా’ పాట ఫోన్ల మీదే ఊరూరా తిరిగింది. ఏ హీరో లేడు, ఏ సినిమా లేదు. సిటీలో విసిగిపోయి సొంతూరి మీద మనసు లాగే మనిషి పాట అది. 2020లో కరోనా మొదలైనప్పుడు జాగ్రత్తలు చెబుతూ ఇదే బ్యాండ్ చేసిన పాట కూడా బాగా షేర్ అయింది. బ్యాండ్ పేరులోనే ఓ తెలివి ఉంది. చౌరస్తా లేని ఊరు తెలంగాణలో లేదు కదా!

సంగీతం సంగతి చూస్తే అది నిఖార్సైన రాక్ కాదు. జమైకా నుంచి వచ్చిన రెగే లయకు మన జానపదం కలిపిన వంటకం. రెగేలో ఓ చిన్న గమ్మత్తు ఉంది. మామూలుగా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడితే ఆ అంకెల మీద దెబ్బ పడాలని మన కాలు ఎదురుచూస్తుంది. రెగే గిటార్ మాత్రం అంకెకీ అంకెకీ మధ్య సందులో మోగుతుంది. బాబ్ మార్లే పాటలు విన్నవాళ్లకి ఇది తెలుసు. తీన్మార్ దెబ్బకి అలవాటైన కాలు మొదటిసారి కాస్త తడబడుతుంది, రెండోసారికి తల ఊగుతుంది. మొదటిసారికే వదిలేసినోళ్లకి ఆ రెండోసారి ఎప్పటికీ రాదు.

రెంజల్‌లో విన్నదీ, హైదరాబాద్‌లో విన్నదీ ఒకటేనా?

ఇక్కడ కొంచెం ఆగాలి. ఊరికి పోతా అనే పాట హైదరాబాద్ హాస్టల్ గదిలో వినేవాడికి ఒకలా తాకుతుంది. దుబాయ్, మస్కట్ లేబర్ క్యాంపుల్లో ఉన్న నిజామాబాద్ జిల్లా మనిషికి ఇంకోలా తాకుతుంది. మరి ఊళ్లోనే ఉండిపోయినోడికి? 

రెంజల్ మండలం జిల్లాకి ఓ చివర. కందకుర్తి దగ్గర గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది ఇక్కడే. మంజీర, హరిద్ర కలిసే త్రివేణి సంగమం అది. నది దాటితే మహారాష్ట్ర. చుట్టుపక్కల రైతులు ఒకప్పుడు చెరకు బండ్లు కట్టుకుని బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి పోయేవాళ్లు. 1930ల చివర్లో నిజాం కాలంలో మొదలైన ఆ నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఫ్యాక్టరీ సైరన్‌తో పొద్దు తెలుసుకున్న తరం ఇంకా ఇక్కడ ఉంది. అలాంటి చోట ‘ఊరెళ్ళిపోతా’ అనే మాట వింటే తీపితో పాటు ఓ పుల్లటి ప్రశ్న కూడా రావచ్చు.. ‘వచ్చి ఏం జేస్తవ్ బిడ్డా?’

అంటే పాట ఒకటే. వినేవాడు నిలబడ్డ చోటు వేరు. ఆల్బమ్ బాగుందా లేదా అని అడిగితే, చాలామంది చెప్పేది ఆల్బమ్ గురించి కాదు, తాము ఎక్కడున్నామో ఆ సంగతి. ఇది తప్పేం కాదు. కానీ రివ్యూలు చదివేటప్పుడు, దోస్త్ మాట నమ్మేటప్పుడు ఈ లెక్క గుర్తుంటే మంచిది.

పైగా ఈ ప్రాంతపు చెవి ఒకే భాష చెవి కాదు. బోధన్ చుట్టుపక్కల తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ రోజూ వినిపిస్తాయి. ఒక ఇంట్లో కవ్వాలీ, పక్కింట్లో మరాఠీ పెళ్లి పాట, వీధి చివర డీజే బాక్స్‌లో ఫోక్ సాంగ్. కొత్త సౌండ్‌ని ఒప్పుకునే ఓపిక ఇలాంటి చెవులకే ఎక్కువ ఉండాలి నిజానికి.

కాంతార పాట మారిస్తే జనం ఎందుకు ఒప్పుకోలేదు?

బ్యాండ్ పాటలు తెలుగోళ్లు వినరు అనేది పూర్తి నిజం కాదు. తెలియకుండానే ఓ బ్యాండ్ గొడవలో తెలుగు ప్రేక్షకులంతా జడ్జీలైన సందర్భం ఒకటి ఉంది. అదే ‘కాంతార’.

2022 అక్టోబర్ 15న ఆ సినిమా తెలుగులో విడుదలైంది. క్లైమాక్స్‌లో వచ్చే ‘వరాహ రూపం’ పాటకి థియేటర్లు ఊగిపోయాయి. ఇంతలో కేరళ బ్యాండ్ తైక్కుడం బ్రిడ్జ్ ముందుకొచ్చింది. తమ ‘నవరసం’ పాటకీ, దీనికీ పోలికలు ఉన్నాయని ఆరోపించింది. 2015లో అదే పేరుతో వచ్చిన ఆల్బమ్‌లోని పాట అది. సినిమా సంగీత దర్శకుడు అజనీష్ లోక్‌నాథ్ మాత్రం ఇది కాపీ కాదన్నారు. వ్యవహారం కేరళ కోర్టులకెక్కింది.

కోర్టు ఆంక్షల నడుమ నవంబర్ 24న సినిమా ఓటీటీలోకి వచ్చింది. అప్పుడు చూసినోళ్లకి షాక్. పాటలో మాటలు అవే ఉన్నాయి, ట్యూన్ మారిపోయింది! థియేటర్‌లో వచ్చిన గూస్‌బంప్స్ రాలేదని జనం గోల పెట్టారు. కొద్ది రోజులకి పరిధి కారణాలతో ఆ ఆంక్షలు తొలగడంతో పాత ట్యూన్ తిరిగొచ్చింది. 

ఇందులో ఎవరిది న్యాయం అనేది వేరే చర్చ. శ్రోత కోణంలో చూస్తే మాత్రం ఇదో ఉచిత ప్రయోగం లాంటిది. సాహిత్యం మారలేదు, సీన్ మారలేదు, నటుడు మారలేదు. మారింది సౌండ్ ఒక్కటే. జనం వెంటనే పట్టేశారు. తెలుగు ప్రేక్షకుడికి మాటలూ హీరోనే ముఖ్యం, వాయిద్యం పట్టదు అనే మాట ఆ వారం రోజుల్లో తేలిపోయింది. శాస్త్రీయ రాగం మీద ఎలక్ట్రిక్ గిటార్ భారంగా దిగే ఆ సౌండ్ ఎంత కావాలో వాళ్లకి తెలుసు. కాకపోతే దాన్ని ‘రాక్’ అని పిలవలేదు, అంతే.

ఇంకో సంగతి. ఆ తైక్కుడం బ్రిడ్జ్‌ని మొదలుపెట్టిన వాళ్లలో ఒకరైన గోవింద్ వసంతే 2020లో తెలుగు ‘జాను’కి సంగీతం ఇచ్చారు. ఆ సినిమా నిర్మాత దిల్ రాజు నిజామాబాద్ జిల్లా నర్సింగ్‌పల్లి వారే. అంటే జిల్లా జనం ఆ బ్యాండ్ మనిషి సంగీతాన్ని బ్యాండ్ పేరు తెలియకుండానే ఎప్పుడో వినేశారు.

ఫోన్ స్పీకర్ మింగేసే సగం పాట

ఇప్పుడు అసలు టెక్నికల్ విషయానికి వద్దాం. బస్సులో ఆ దోస్త్‌కి పాట సప్పగా ఎందుకనిపించింది? తప్పు అతని చెవిది కాదు, బ్యాండ్‌దీ కాదు. మధ్యలో ఉన్న స్పీకర్‌ది.

రాక్ బ్యాండ్‌లో నాలుగు తీగల బేస్ గిటార్ ఒకటి ఉంటుంది. దాని లావు తీగ సెకనుకి దాదాపు 41 సార్లు కంపిస్తుంది, అంటే 41 హెర్ట్జ్. మామూలు గిటార్ లావు తీగ దీనికి రెట్టింపు, 82 హెర్ట్జ్. కాలితో తొక్కి మోగించే పెద్ద డ్రమ్ము దెబ్బ కూడా ఈ కింది భాగంలోనే ఎక్కువ ఉంటుంది. ఇంత లోతైన శబ్దం బయటికి రావాలంటే స్పీకర్ చాలా గాలిని ముందుకీ వెనక్కీ నెట్టాలి. ఫోన్ అడుగున ఉండే స్పీకర్ సైజు ఎంత? బొటనవేలి గోరంత! అందుకే రెండు మూడు వందల హెర్ట్జ్ కింద ఉన్న శబ్దాలు అందులో బాగా పలచబడిపోతాయి. ఇంకా కిందికి పోతే దాదాపు మాయం.

మన లెక్కలో చెప్పాలంటే డప్పుని గుర్తు తెచ్చుకుంటే చాలు. మంటకి కాచిన డప్పు ఎదురుగా మోగుతుంటే ఛాతీలో దడదడలాడుతుంది. అదే డప్పు వీడియో ఫోన్‌లో చూస్తే? సిర్ర, సిటికెన పుల్ల తోలు మీద పడే టకటక మాత్రమే వినపడుతుంది. దడ లేదు. డప్పుని ఎదురుగా విన్న అనుభవం ఉంది కాబట్టి మిగతాది మనసే నింపుకుంటుంది. కొత్త బ్యాండ్ పాటకి ఆ జ్ఞాపకం లేదు. కాబట్టి వినపడిందే పాట అనుకుంటాం.

మెదడు కొంత సాయం చేస్తుంది, అది వేరే సంగతి. లోతైన స్వరం ఎగిరిపోయినా, దాని పైన పుట్టే చిన్న చిన్న స్వరాలు విని, ‘కింద ఇది ఉండి ఉంటుంది’ అని మెదడు ఊహించుకుంటుంది. అందుకే ఫోన్‌లో కూడా ట్యూన్ గుర్తుపడతాం. ట్యూన్ అయితే తెలుస్తుంది, బరువు మాత్రం తెలియదు. రాక్‌లో సగం మజా ఆ బరువులోనే ఉంది.

మరి సినిమా పాట అదే ఫోన్‌లో ఎందుకు బాగుంటుంది? సినిమా పాటలో ఎక్కువగా గొంతే రాజు. దాన్ని అన్నిటికన్నా ముందు కూర్చోబెట్టి మిక్స్ చేస్తారు. గొంతు ఉండే మధ్య భాగాన్ని ఫోన్ స్పీకర్ చక్కగా పలికిస్తుంది. రాక్‌లో గొంతు రాజు కాదు. గిటార్, బేస్, డ్రమ్స్ పక్కన నాలుగోవాడు. ఫోన్‌లో ఆ నలుగురిలో ఇద్దరు కనిపించకుండా పోతారు. మిగిలింది కీచుమనే గిటార్, అరుస్తున్న మనిషి. ‘లొల్లి’ అనిపించక ఏమనిపిస్తుంది!

సౌండ్ తగ్గించి వింటే ఇంకో దెబ్బ. వాల్యూమ్ తగ్గే కొద్దీ మన చెవికే బేస్ వినే శక్తి మిగతా వాటికన్నా ఎక్కువగా తగ్గుతుంది. అమెరికా బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. ఇంట్లో పెద్దోళ్లు పడుకున్నారని చిన్నగా పెట్టుకుని విన్న ఆల్బమ్ పలచగా అనిపించడానికి ఇదే కారణం.

దీనికి పూర్తి రివర్స్ వినాయక నిమజ్జనం డీజే. అక్కడ బేసే అంతా. గుండె అదురుతుంది, మాటలు ఒక్కటి అర్థం కావు. అదే పాట విని ఒకడు ‘దుమ్ము లేపింది’ అంటాడు, ఇంటికొచ్చి ఫోన్‌లో పెట్టుకుని ‘గిదేనా నిన్న ఇన్నది?’ అని తనే డౌట్ పడతాడు.

మెటాలికా మీద ఫ్యాన్సే తిరగబడ్డారు!

వినే సాధనంతోనే కాదు, ఆల్బమ్ తయారీలోనే గడబిడ జరిగిన కేసులూ ఉన్నాయి. ప్రపంచంలో పెద్ద పేరున్న మెటల్ బ్యాండ్ మెటాలికానే ఇందుకు ఉదాహరణ. 2008 సెప్టెంబర్‌లో వాళ్ల ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్ వచ్చింది. అమెరికా చార్టుల్లో నేరుగా నంబర్ వన్. పాటలు బాగున్నాయి, పాత మెటాలికా తిరిగొచ్చింది అని ఫ్యాన్స్ సంబరపడ్డారు. కానీ సీడీ పెట్టి వింటే చెవులు నొప్పి!

కారణం ఏంటంటే.. సౌండ్‌ని మితిమీరి పెంచేశారు. పాటలో మెల్లగా ఉండాల్సిన చోటు, గట్టిగా ఉండాల్సిన చోటు అని తేడా ఉంటుంది. అన్నిటినీ ఒకే ఎత్తుకి లాగితే ఆ తేడా చచ్చిపోతుంది. పరిమితి దాటిన చోట శబ్దం కొనలు తెగి బరబరమంటుంది. పోటీ పాటల కన్నా తమ పాటే గట్టిగా వినపడాలన్న ఆరాటంతో ఇండస్ట్రీ అంతా చేసిన పని ఇది. దీన్నే ‘లౌడ్‌నెస్ వార్’ అంటారు.

తమాషా ఏంటంటే, శ్రోతలు దీన్ని వీడియో గేమ్ ద్వారా పట్టుకున్నారు. అదే పాటలు ‘గిటార్ హీరో’ అనే గేమ్‌లో కూడా వచ్చాయి. గేమ్‌లోని వెర్షన్‌ని అంతగా నొక్కలేదు. రెండూ పక్కపక్కన పెట్టి వింటే తేడా స్పష్టం. డబ్బులు పెట్టి కొన్న సీడీ కన్నా గేమ్‌లో పాట నయం! ఆల్బమ్‌ని మళ్లీ మిక్స్ చేయాలని వేల మంది సంతకాలు పెట్టారు. మాస్టరింగ్ చేసిన ఇంజినీర్ టెడ్ జెన్సన్ కూడా తన దగ్గరికి వచ్చేసరికే పాటలు అలా నొక్కేసి ఉన్నాయన్నారు. డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్ మాత్రం ఆ సౌండ్‌ని వెనకేసుకొచ్చారు.

పాట నచ్చింది, రికార్డింగ్ నచ్చలేదు. ఈ రెండూ వేరువేరు అని సామాన్య శ్రోత అంత గట్టిగా చెప్పిన సందర్భాలు తక్కువ. మన దగ్గర ‘బాలేదు’ అనే ఒక్క మాటలో అన్నీ కలిసిపోతాయి. ట్యూన్ బాలేదా, గొంతు బాలేదా, మిక్సింగ్ బాలేదా, ఫోన్ బాలేదా? అడిగితే చెప్పగలిగే శ్రోతలు మనకీ ఉన్నారు, అడిగేవాళ్లే లేరు.

పక్కోడి మాట ఎంత పని చేస్తుంది?

2006లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఓ ప్రయోగం దీనికి జవాబు చెప్తుంది. పెద్దగా పేరు లేని బ్యాండ్లవి 48 పాటలు తీసుకున్నారు. 14,341 మందికి వాటిని వినిపించి, నచ్చితే డౌన్‌లోడ్ చేసుకోమన్నారు. కొందరికి పాటలు మాత్రమే చూపించారు. మిగతావాళ్లని ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటని ఎంతమంది దింపుకున్నారో ఆ అంకె కూడా చూపించారు.

ఫలితం చూసి పరిశోధకులే ఆశ్చర్యపోయి ఉంటారు. అంకె కనిపించిన చోట హిట్టయిన పాట ఇంకా పెద్ద హిట్ అయింది, ఫట్టయింది ఇంకా ఫట్టయింది. పైగా ఒక్కో గుంపులో ఒక్కో పాట గెలిచింది. అంకెలు చూడని వాళ్ల లెక్కలో 26వ స్థానంలో ఉన్న ఓ పాట ఒక గుంపులో నంబర్ వన్, ఇంకో గుంపులో 40వ స్థానం. మరీ మంచి పాట మునిగిపోవడం, మరీ చెత్త పాట తేలడం అరుదు. మధ్యలో ఉన్నవాటి బతుకు మాత్రం మొదట ఎవరి కంట పడ్డాయన్న దాన్ని బట్టే.

బస్సులో దోస్త్ ‘సప్పగుంది’ అన్న మాట చిన్నదే. కానీ అది కూడా ఆ అంకె లాంటిదే. పెట్టినవాడికి నచ్చి ఉండొచ్చు, ఇక మళ్లీ పెట్టడు.

అలవాటు అయ్యే కొద్దీ ఇష్టం పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లోనే చూపించారు. సినిమా పాట రిలీజ్‌కి ముందే టీజర్‌లో, ప్రోమోలో, లిరికల్ వీడియోలో పదిసార్లు చెవిన పడేది ఊరికే కాదు. బ్యాండ్‌కి అంత బడ్జెట్ ఎక్కడిది?

కాలం మార్చిన తీర్పు

తీర్పులు మారతాయి కూడా. కొన్నిసార్లు బాధ పెట్టే కారణాలతో. లింకిన్ పార్క్ పేరు మన కాలేజీ కుర్రాళ్లకి కొత్తేం కాదు. 2017 మేలో వాళ్ల ‘వన్ మోర్ లైట్’ ఆల్బమ్ వచ్చినప్పుడు పాత ఫ్యాన్స్ మండిపడ్డారు. గిటార్ల హోరు తగ్గించి పాప్‌లోకి వెళ్లిపోయారని తిట్టిపోశారు. గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ ఆ విమర్శలకి ఘాటుగానే బదులిచ్చాడు. రెండు నెలలకి, జూలై 20న, అతను ఆత్మహత్య చేసుకున్నాడు.

తర్వాత అదే ఆల్బమ్ విన్నవాళ్లకి అది వేరే ఆల్బమ్‌లా వినిపించింది. ఒక్క స్వరం మారలేదు. మెత్తగా ఉందని తిట్టిన చోటే ఓ మనిషి నొప్పి వినపడింది. 2024లో ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతుతో బ్యాండ్ మళ్లీ వచ్చి, నవంబర్ 15న ‘ఫ్రమ్ జీరో’ విడుదల చేసింది. ఇది లింకిన్ పార్కేనా అని ఒక వర్గం, బ్యాండ్ బతకడమే గొప్ప అని ఇంకో వర్గం. ఇందులో సగం సంగీతం మీద వాదన, మిగతా సగం పోయినవాడి మీద ప్రేమ.

గాయకుడు సినిమాకి పోతే బ్యాండ్ ఏమవుతుంది?

మళ్లీ మన చౌరస్తాకి వద్దాం. రామ్ మిరియాల గొంతు ఇప్పుడు తెలుగు నాట ఎవరికి తెలియదు? 2021లో ‘జాతిరత్నాలు’ సినిమాలో ‘చిట్టి’ పాట, 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ సాంగ్, 2023లో ‘బలగం’ సినిమాలో మంగ్లీతో కలిసి పాడిన ‘ఊరూ పల్లెటూరు’. దిల్ రాజు ప్రొడక్షన్స్ తీసిన ఆ సినిమాలోని ఇదే పాటకి కాసర్ల శ్యామ్‌కి ఉత్తమ గీత రచయితగా జాతీయ అవార్డు కూడా ప్రకటించారు.

గమనిస్తే, ఊరి మీద పాట రెండుసార్లు అదే గొంతులో వచ్చింది. ఒకటి బ్యాండ్‌ది, ఒకటి సినిమాది. రెండోది పెళ్లిళ్లలో, బస్టాండ్లలో, రింగ్‌టోన్లలో ఎక్కడ చూసినా మోగింది. మొదటిది వెతుక్కుని వినాలి. రెండూ మంచి పాటలే. సినిమా అనే పెద్ద లౌడ్‌స్పీకర్ దొరికితే గొంతు ఎంత దూరం పోతుందో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. గాయకుడికి ఇది మంచిదే, ఎవరూ తప్పు పట్టలేరు. కాకపోతే తెలుగులో బ్యాండ్ అనేది సినిమాకి పోయే దారిలో ఓ స్టాప్‌లా మిగిలిపోతోంది.

30 సెకన్లలో పైసలు

ఇక డబ్బు లెక్క. పాటల యాప్ స్పాటిఫైలో ఓ పాటని కనీసం 30 సెకన్లు వింటేనే ఒక ‘స్ట్రీమ్’ కింద లెక్క. పది సెకన్లకి వేలు జరిపితే బ్యాండ్‌కి సున్నా. అంతే కాదు, 2024 నుంచి ఇంకో రూల్ వచ్చింది. గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్స్ రాని పాటకి రాయల్టీ లెక్కలోకే తీసుకోరు. 

పెద్ద హీరో పాటకి వెయ్యి అంటే నిమిషాల పని. ఊళ్లో నలుగురు కుర్రాళ్లు అప్పు చేసి రికార్డు చేసిన ఆరు పాటల ఆల్బమ్‌కి, పాటకి వెయ్యి చొప్పున ఆరు వేలు కావాలి. అది కూడా 30 సెకన్లు దాటి. అందుకే ఇప్పుడు చాలా పాటలకి ముందు మ్యూజిక్ ఉండట్లేదు, తలుపు తీయగానే హుక్ లైన్ వచ్చి పడుతోంది. రాక్ పాటకి ఇది పెద్ద చిక్కు. మెల్లగా మొదలై, మెట్టు మెట్టుగా పెరిగి, మూడో నిమిషంలో పేలడమే దాని పద్ధతి. ఆ మూడో నిమిషం దాకా ఉండేదెవరు?

ఫోన్‌లోనే వినాలంటే ఏం చేయాలి?

ఖరీదైన హెడ్‌ఫోన్స్ అక్కర్లేదు. చెవిలో బిగుతుగా కూర్చునే మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్ చాలు. రబ్బరు బుడిపె చెవి రంధ్రాన్ని సరిగ్గా మూయకపోతే బేస్ అంతా బయటికి కారిపోతుంది. ప్యాకెట్‌లో మూడు సైజుల బుడిపెలు ఇస్తారు, చాలామంది వాటిని పారేస్తారు. మార్చి చూస్తే అదే పాట కిందనుంచి లేస్తుంది.

వైర్ లేకపోతే ఫోన్‌ని గోడ మూలకో, ఖాళీ స్టీల్ గిన్నెలోనో పెట్టే పాత చిట్కా ఉండనే ఉంది. శబ్దం పెరుగుతుంది గానీ బేస్ పుట్టదు. స్టీల్ గిన్నెలో మోత ఇంకాస్త కీచుగా మారుతుంది కూడా.

స్పాటిఫైలో సెట్టింగ్స్‌లోకి వెళ్తే ప్లేబ్యాక్‌కి సంబంధించిన చోట వాల్యూమ్ సమానం చేసే ఆప్షన్ కనిపిస్తుంది. అన్ని పాటల్నీ దాదాపు ఒకే ఎత్తులో వినిపించడానికి అది మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ అనే కొలత దగ్గర పెడుతుంది. యూట్యూబ్ కూడా మరీ గట్టిగా ఉన్న పాటల్ని తగ్గించే వినిపిస్తుంది. కాబట్టి మెటాలికా కాలంలో లాగా సౌండ్ నొక్కి పెంచినా ఇప్పుడు లాభం లేదు. పెంచినంత వెనక్కి తగ్గిపోతుంది, తెగిన కొనలు మాత్రం అలాగే ఉంటాయి. ఆ ఆప్షన్ కింద లౌడ్, నార్మల్, క్వైట్ అని మూడు ఉంటాయి. లౌడ్‌లో పెడితే మెల్లగా మొదలయ్యే పాటల్లో ఎత్తుపల్లాలు కాస్త చదునవుతాయి. బ్యాండ్ ఆల్బమ్‌కి నార్మల్ చాలు. బస్సు ఇంజిన్ మోతలో అయితే, బోధన్ బస్టాండ్‌లో దిగేదాకా ఆగడమే నయం.